పేరుకు తేట: ఒక ఇంగ్లీషు మాట ఆత్మకథ

నేనొక మాటను. ఇంగ్లీషు వ్యాకరణం నన్ను క్రియావిశేషణాల గుంపులో కూర్చోబెట్టింది. నా పూర్తి పేరు క్లియర్లీ. తెలుగువాళ్లకు నా మొండెం బాగా తెలుసు, తోకతోనే పరిచయం తక్కువ. ‘క్లియర్‌గా చెప్పు’, ‘డౌట్ క్లియర్ అయిందా’, ‘బాకీ క్లియర్ చేశాడు’, ‘ఈ సెమిస్టర్‌లో అన్నీ క్లియర్’ అంటూ రోజూ నన్ను వాడుకుంటూనే, ‘లీ’ అనే తోకను కత్తిరించి దాని చోట మీ ‘గా’ అతికించుకుంటారు. అందుకు నాకు కోపం లేదు. ఆ కత్తిరింపు వల్ల మీరొక పాత తగాదా నుంచి తప్పించుకున్నారు, నా కథంతా ఆ తగాదాయే. క్రియను ఆనుకుని నిలబడితే నేను సాక్షిని: జరిగినది ఎలా జరిగిందో చెబుతాను. వాక్యం నెత్తికెక్కి కూర్చుంటే వకీలును: అది జరిగిందని మిమ్మల్ని ఒప్పించే పని నాది. పేరొకటే, వేషమొకటే, కొలువులు రెండు. సాక్షికివ్వాల్సిన నమ్మకాన్ని వకీలుకూ ఇచ్చేయడం వల్ల చదివేవాళ్లు మోసపోతున్నారు, రాసేవాళ్లు తమను తామే మభ్యపెట్టుకుంటున్నారు. నా గురించి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి రుజువు.

ముందు పుట్టుక సంగతి. మా మూలపురుషుడు ‘క్లారుస్’ అనే లాటిన్ విశేషణం. దాని తొలి కాపురం కంటిలో కాదు, చెవిలో. ఖంగుమని వినబడే గొంతుకు ఆ పేరు. కేక వేయడమని అర్థమున్న ‘క్లామారే’ దానికి దగ్గర చుట్టం. ఇంగ్లీషులో హక్కు అడిగే ‘క్లెయిమ్’, గోల చేసే ‘క్లామర్’ నాకు ఆ వైపు దాయాదులే. చెవి మాట కాలక్రమాన కంటికి మారింది, మెరిసే ఆకాశానికీ అడుగు కనబడే నీటికీ వర్తించింది, ఆ తర్వాత బుద్ధికి అందే తర్కానికి పాకింది. పాత ఫ్రెంచిలో ‘క్లేర్’గా తేలి, 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ల భాష వెంట సముద్రం దాటి, 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో స్థిరపడింది. నా తోక మాత్రం అచ్చమైన ఇంగ్లీషుది. పాత ఇంగ్లీషులో ఒంటిని ‘లిచ్’ అనేవారు, ‘లీ’ దాని అరిగిపోయిన రూపం. జర్మన్‌లో శవాన్ని ‘లైహె’ అనడంలో ఆ మాట ఇంకా మిగిలి ఉంది. అంటే నా పేరుకు అర్థం ‘తేట ఒంటితో’ అని. మీ ‘గా’ వేరే దారిన వచ్చింది. అది ‘అగు’ అనే క్రియకు చెందిన రూపం, కావడమనే భావం దానిలో ఇమిడి ఉంది. తేటదనాన్ని ఇంగ్లీషు ఒంటికి తొడిగింది, తెలుగు జరగవలసిన పనిగా చూసింది. వ్యుత్పత్తి నేటి అర్థాన్ని శాసించదని భాషావేత్తలు హెచ్చరిస్తారు, నేనూ ఒప్పుకుంటాను. కాబట్టి దీన్ని రుజువుల జాబితాలో వేయను. కేకతో చుట్టరికం, ఒంటిమీది వేషం అనే రెండు పోలికల్ని మాత్రం మనసులో ఉంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

ఇక కొలువుల సంగతి. ‘షి స్పోక్ క్లియర్లీ’ అంటే ఆమె మాట తేటగా వినబడిందని, ప్రతి అక్షరం చెవిన పడిందని. ‘క్లియర్లీ, షి స్పోక్’ అంటే ఆమె మాట్లాడిందన్నది తేటతెల్లమని. మొదటిదానిలో తేటదనం ఆమె గొంతులో ఉంది, రెండోదానిలో చెప్పేవాడి నమ్మకంలో ఉంది. ఆమె గొణిగినా రెండో వాక్యం నిజమే కావచ్చు. రాతలో ఈ తేడాను ఒక కామా, మాటలో ఒక చిన్న విరామం కాపాడుతున్నాయి. నన్ను వాక్యం మధ్యలో ఇరికించినప్పుడు ఆ కాపలా కూడా ఉండదు. ‘హి క్లియర్లీ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్’ అన్నప్పుడు అతను నిబంధనను విడమరిచి చెప్పాడనా, చెప్పాడన్నది తిరుగులేని మాటనా? వాక్యం రెండింటికీ తలూపుతుంది. స్పష్టత అనే పేరు మోసే మాటే అస్పష్టతకు పీట వేయడం నా బతుకులోని మొదటి వింత. కోరుకున్నవాడికి ఇది మంచి ఆయుధం కూడా: సాక్షిగా పిలిపించుకుని వకీలుగా వాడుకోవచ్చు.

ఈ రెండు కొలువుల్ని విడదీసి చూడడానికి తెలుగును మించిన పరీక్ష నాకు కనబడలేదు. మొదటి వాక్యం తెలుగులోకి ఇట్టే వస్తుంది: ‘ఆమె స్పష్టంగా మాట్లాడింది’. రెండోదాన్ని అలాగే తేబోతే ‘స్పష్టంగా, ఆమె మాట్లాడింది’ అవుతుంది. హడావుడి అనువాదాల్లో ఇలాంటివి అచ్చవుతుంటాయి గానీ తెలుగు చెవికి అది రాయిలా తగులుతుంది. నోట్లో తెలుగున్నవాడు ‘ఆమె మాట్లాడిందని స్పష్టంగా తెలుస్తోంది’ అంటాడు, లేదా ‘స్పష్టంగా కనిపిస్తోంది’ అంటాడు. ఇక్కడ నేను మళ్లీ క్రియ పక్కకే వచ్చి చేరాను, పైగా కొత్తగా ఒక క్రియ కూడా పుట్టింది: తెలియడం. తెలియడమంటూ వచ్చాక ఎవరికి తెలుస్తోంది, దేన్నిబట్టి తెలుస్తోంది అనే ప్రశ్నలు దాని వెంటే నడిచొస్తాయి. ఇంగ్లీషులో నేను వాక్యం మొదట కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నలు గడప దాటి రాలేవు, ఎందుకంటే తెలిసినవాడు ఎవడో వాక్యంలో కనబడడు. చెప్పేమాటకు ఆధారం ఎలాంటిదో చెప్పే అలవాటు తెలుగుకు మరోచోట కూడా ఉంది. ‘వాన పడింది’ అన్నవాడు తన పూచీ మీద చెబుతున్నాడు. ‘వాన పడిందట’ అన్నవాడు ఇంకొకరి మాట మోస్తున్నాడు. ‘వాన పడినట్టుంది’ అన్నవాడు ఏదో గుర్తు చూసి ఊహిస్తున్నాడు. ఒక్క ‘ట’తో, ఒక్క ‘అట్టుంది’తో జ్ఞానానికి చిరునామా రాసిపెట్టే భాష ఇది. వాక్యం నెత్తిమీద నేను చేసేది ఆ చిరునామా చెరిపేసే పని.

ఆ చెరిపేసిన చిరునామా ఏది? గుట్టు ఇక్కడే ఉంది. జోరువానలో నిలబడి నిలువునా తడుస్తున్న మనిషి ‘క్లియర్లీ, వాన పడుతోంది’ అనడు, అంటే వెటకారమవుతుంది. కిటికీ లేని గదిలో కూర్చుని, లోపలికి వచ్చేవాళ్ల గొడుగుల నుంచి నీళ్లు కారడం చూసినవాడు అంటాడు. అంటే నా పేరు ప్రత్యక్షాన్ని, కళ్లారా చూడడాన్ని, సూచిస్తుంటే నా పని అనుమానంతో, అంటే గుర్తునుబట్టి ఊహించడంతో, ముడిపడి ఉంది. న్యాయమనే పాత తర్కశాస్త్రం నేర్చినవాళ్లకు ఈ తేడా కొత్త కాదు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు కూర్చిన తర్కసంగ్రహం అనుమానాన్ని మళ్లీ రెండుగా విడదీస్తుంది: తనకోసం చేసుకునే స్వార్థానుమానం, ఎదుటివాడికోసం చేసే పరార్థానుమానం. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పుందని తనలో తాను అనుకునేవాడికి ఏ తంతూ అక్కర్లేదు. అదే సంగతి ఇంకొకరికి చెప్పాలంటే అయిదు మెట్లు ఎక్కాలి. కొండమీద నిప్పుందనడం ప్రతిజ్ఞ. పొగ ఉంది కనుక అనడం హేతువు. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలాగా అనడం ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే అనడం ఉపనయం. కాబట్టి నిప్పుంది అనడం నిగమనం. వాక్యం మొదట నన్ను పెట్టినవాడు ఏం చేస్తున్నాడు? ప్రతిజ్ఞ దగ్గర నిలబడి నిగమనం గొంతుతో మాట్లాడుతున్నాడు. మధ్యలోని మూడు మెట్లూ తన మనసులో ఎక్కేశాడు, మీరు కూడా ఎక్కేశారని మీ తరఫున తానే సంతకం పెట్టేశాడు. స్వార్థానుమానానికి పరార్థానుమానం ముసుగు వేయడం: నా రెండో కొలువుకు ఇంతకన్నా కచ్చితమైన నిర్వచనం నాకు దొరకలేదు.

నన్ను చేర్చితే వాక్యం బలపడుతుందని చాలామంది అనుకుంటారు. తూచి చూస్తే సంగతి తిరగబడుతుంది. ‘అతను ఇంట్లో ఉన్నాడు’ అన్న మాటకూ ‘అతను ఇంట్లో ఉన్నాడని తేటతెల్లమవుతోంది’ అన్న మాటకూ మధ్య మీరు దేని మీద పందెం కాస్తారు? మొదటివాడు చూసొచ్చాడు. రెండోవాడు గుమ్మంలో చెప్పులు చూసి ఉంటాడు. ‘తప్పక ఉండాలి’ అనే అర్థమున్న ‘మస్ట్’ చేరితే ఉత్త వాక్యం కన్నా బలహీనపడుతుందని లౌరి కార్ట్యునెన్ అనే భాషాశాస్త్రవేత్త 1972లోనే ఎత్తిచూపాడు. నా విషయంలో అలాంటి చిక్కుముడిని భాషాశాస్త్రవేత్తలు క్రిస్ బార్కర్, జీనా టరాంటో 2003లో ముందుపెట్టారు. ఒక సంగతి నిజంగా ఇద్దరికీ తేటగా ఉంటే దాన్ని తేటగా ఉందని చెప్పడం వల్ల వినేవాడికి కొత్తగా తెలిసేదేమిటి? తేటగా లేకపోతే ఆ మాట నిజమెలా అవుతుంది? చెప్పాల్సిన అవసరమున్నచోట అది పూర్తి నిజం కాదు, పూర్తి నిజమైనచోట చెప్పాల్సిన అవసరం లేదు. మీ సామెత ఈ చిక్కుముడిని ఏనాడో విప్పింది: జగమెరిగిన బ్రాహ్మణుడికి జందెమేల? నన్ను మెడలో వేసుకున్న వాక్యాన్ని చూస్తే ముందు రావాల్సిన సందేహం కూడా అదే. దీన్ని జగం ఎరగదేమో, అందుకే జందెం బయటికి తీసి చూపిస్తోందేమో. అలాగని నేను ఉత్త దండగ కాను. నేను మోసే సమాచారం లోకం గురించి కాదు గానీ చెప్పేవాడి గురించి కచ్చితంగా ఉంటుంది: ఈ విషయంలో వాదన ఇక చాలు, నా దగ్గరున్న ఆధారం సరిపోతుంది, మీరూ ఇక్కడితో ఒప్పుకోండి అని. అది కబురు కాదు, ప్రతిపాదన. ప్రతిపాదనను కబురుగా చదివినప్పుడే ప్రమాదం.

ఆ ప్రమాదానికి సాక్ష్యం, గొప్ప కచ్చితత్వానికి పేరుపడ్డ గణితంలోనే ఉంది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఖగోళ యంత్రశాస్త్రం మీద రాసిన మహాగ్రంథాన్ని అమెరికాకు చెందిన నథానియల్ బౌడిచ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ అనువాదం 1829 నుంచి 1839 వరకూ నాలుగు పెద్ద సంపుటాలుగా వెలువడింది. ‘కనుక తేటగా కనబడుతోంది’ అన్న ధోరణి మాట లాప్లాస్‌లో ఎదురైనప్పుడల్లా, అదెలా కనబడుతోందో తెలుసుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు కష్టపడాల్సి వస్తుందని బౌడిచ్‌కు అర్థమైపోయేదట. ఆ మాట నా సవతి సోదరుడు ‘ప్లెయిన్లీ’. కొలువు మాత్రం నాదే. లాప్లాస్‌కు అది స్వార్థానుమానం, బౌడిచ్ దాన్ని పాఠకుడి కోసం అయిదు మెట్లుగా కట్టాల్సి వచ్చింది. ఇంకో ఉదాహరణ బత్తాయిల బండి మీద దొరుకుతుంది. పళ్లను గోపురంలా ఎలా పేరిస్తే తక్కువ చోటులో ఎక్కువ పడతాయో పళ్లమ్మే ఎవరినడిగినా పేర్చి చూపిస్తారు. ఒకే పరిమాణమున్న గోళాలకు అంతకన్నా దట్టమైన పేర్పు లేదని ఖగోళవేత్త కెప్లర్ 1611లో అన్నాడు. ఆ పేర్పులో చోటు నూటికి 74 వంతులు నిండుతుంది. కంటికి అంత తేటగా కనబడే సంగతికి రుజువు 1998లో గానీ గణితవేత్త థామస్ హేల్స్ చేతికి చిక్కలేదు, అదీ కంప్యూటర్ల సాయంతో. అందులో లొసుగు లేదని యంత్రం చేత అడుగడుగూ సరిచూపించేసరికి 2014 వచ్చింది. కెప్లర్ చెప్పింది నిజమే కదా, మరి తేట అనడంలో తప్పేమిటని మీరడగవచ్చు. తప్పు నిజంలో లేదు. నిజం కావడం వేరు, నిజమని తెలియడం వేరు. ఆ రెండిటి మధ్య దూరం ఇక్కడ 387 ఏళ్లు. నేను నెత్తిన కూర్చున్న వాక్యంలో ఆ దూరం సున్నా అయినట్టు కనబడుతుంది.

న్యాయస్థానాల్లో నా పలుకుబడి ఎక్కువ, నా అపకీర్తి కూడా అక్కడే ఎక్కువ. న్యాయ రచన నేర్పే పుస్తకాలు నన్ను చూస్తే చాలు కత్తెర అందుకుంటాయి. అది పెద్దల చాదస్తమని అనుకునేవాళ్ల కోసం పరిశోధకులు లాన్స్ లాంగ్, విలియం క్రిస్టెన్సెన్ 2008లో ఒక లెక్క తీశారు. అమెరికా అప్పీలు కోర్టులకు సమర్పించిన వాదపత్రాల్లో నాలాంటి బలవర్ధక పదాల జోరు ఎంతుందో, ఆ కేసులు ఏమయ్యాయో పోల్చి చూశారు. అప్పీలుకు వెళ్లినవాళ్ల పత్రాల్లో ఈ మాటలు శ్రుతి మించినప్పుడు ఓటమి కూడా ఎక్కువగా ఎదురైందని తేలింది. దీన్ని నా మెడకు చుట్టే ముందు ఒక్కమాట. నా వల్లే ఓడారని ఈ లెక్క చెప్పదు. బలహీనమైన కేసు చేతిలో ఉన్నవాడే నన్ను ఎక్కువగా పిలుస్తాడేమో. అప్పుడు నేను జబ్బుకు కారణం కాను, జ్వరం లాంటి గుర్తును. నా వాదనకు ఆ రెండో అర్థమే ఎక్కువ బలం. హేతువు చేతిలో ఉన్నవాడు హేతువే చూపిస్తాడు, అది లేనివాడు గొంతు పెంచుతాడు. లాటిన్‌లో కేకతో ఉన్న చుట్టరికం ఇలాంటప్పుడే గుర్తుకొస్తుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. నేను అంత నమ్మరానిదాన్నయితే న్యాయస్థానాలు నన్నే కొలబద్దగా ఎందుకు పెట్టుకున్నాయి? 1938 నాటి అమెరికా సివిల్ నిబంధనల ప్రకారం, కింది కోర్టు జడ్జి తేల్చిన వాస్తవాలు ‘క్లియర్లీ’ తప్పయితేనే పై కోర్టు వాటిని కొట్టేయాలి. నిజమే. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ ఒక్క మాట చాలక, 1948లో అక్కడి సుప్రీంకోర్టు దానికి నిర్వచనం కట్టాల్సి వచ్చింది: సాక్ష్యమంతా చూశాక పొరపాటు జరిగిందన్న స్థిరమైన నమ్మకం కలగాలని. 1988లో ఒక అప్పీలు కోర్టు ఇంకా ముందుకెళ్లి, అయిదు వారాలు ఐసు లేకుండా పడి ఉన్న చచ్చిన చేపలా ఆ తప్పు ముక్కుకు కొట్టాలంది. మీ దేశంలోనూ తీర్పులో తప్పుందని పునఃపరిశీలన కోరాలంటే ఆ తప్పు రికార్డు మొహం మీదే కనబడాలన్న నియమం ఉంది. మొహం మీద కనబడడమంటే ఏమిటి? తుంగభద్ర ఇండస్ట్రీస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచి, 1964 న్యాయ నివేదికలకెక్కిన తీర్పులో సుప్రీంకోర్టు దానికి గీత గీసింది: పెద్ద వాదన అక్కర్లేకుండా వేలు పెట్టి చూపగలగాలి, దాని మీద రెండు అభిప్రాయాలకు చోటుండకూడదు. వీటన్నిటిలో స్పష్టత తన పేరు మీద తాను బతకడం లేదు. ఒక పరీక్ష దానికి పూచీ ఉంది. రైల్వేలో రోజూ వినబడే ‘లైన్ క్లియర్’ కూడా అలాంటిదే. పక్క స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇచ్చాడంటే పట్టాలు ఖాళీగా ఉన్నాయని ఆయన మనసుకు తోచిందని కాదు. ముందు వెళ్లిన బండి పూర్తిగా చేరిందని, తన మొదటి ఆగుడు సిగ్నల్ దాకానే గాక దాన్ని దాటి కూడా నిర్ణీత దూరం ఖాళీగా ఉందని. ఆ దూరం, రెండుకు మించి సూచనలిచ్చే మల్టిపుల్ యాస్పెక్ట్ సిగ్నళ్లున్నచోట 180 మీటర్లకు, పాత రెండు యాస్పెక్టుల పద్ధతిలో 400 మీటర్లకు తగ్గకూడదు. కొలత ఉన్నచోట నా మొండెం మీద వేలమంది ప్రాణాలు నడుస్తాయి. కాబట్టి ఈ ఆక్షేపణ నా వాదనను పడగొట్టదు, దానికే ఊతమిస్తుంది.

రెండో ఆక్షేపణ మర్యాదస్తులది. ప్రతి మాటకూ అయిదు మెట్లు కట్టుకుంటూ పోతే సంభాషణ సాగేదెలా, గొడుగులు తడిస్తే వాన పడుతోందనడానికి కూడా ఉపోద్ఘాతం కావాలా అని. అక్కర్లేదు. గొడుగులు ఇద్దరి కళ్లముందూ ఉన్నప్పుడు హేతువు గదిలోనే ఉంది, నోటితో చెప్పకపోయినా లోపం లేదు. అక్కడ నన్ను వాడడంలో నిజాయితీ కూడా ఉంది: నేను చూసి చెప్పడం లేదు, ఊహించి చెబుతున్నానని చెప్పేవాడు ఒప్పుకుంటున్నాడు. వాక్యం మొదట కూర్చోవడమే వ్యాకరణ దోషమనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నా తోబుట్టువు ‘హోప్‌ఫులీ’ వాక్యం మొదటికి వచ్చిందని దశాబ్దాల పాటు ఇంగ్లీషు పండితులు దానిమీద విరుచుకుపడ్డారు; 2012లో అసోసియేటెడ్ ప్రెస్ శైలి నియమావళి దాన్ని ఒప్పుకున్నాక గొడవ సద్దుమణిగింది. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో అదే పీట మీద కూర్చున్న నన్ను పెద్దగా ఎవరూ కదిలించలేదు. ఆశపడుతున్నానని ఒప్పుకునే అమాయకపు మాటను నిలదీసి, వాదన ముగిసిందని ప్రకటించే మాటను వదిలేశారు. దోషం పీటది కాదు. పీట మీద కూర్చుని హేతువును దాచడంలోనే దోషమంతా ఉంది.

మూడోది మీవైపు నుంచే రావచ్చు: ఈ గోలంతా ఇంగ్లీషుది, మా తెలుగు చిరునామా రాసే భాష అని నువ్వే అన్నావు కదా అని. అన్నాను, కానీ భాష తలుపు తీసి ఉంచినంత మాత్రాన మనుషులు ఆ తలుపులోంచే వస్తారని హామీ లేదు. ‘అందరికీ తెలిసిందే’, ‘వేరే చెప్పనక్కర్లేదు’, ‘చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు’, ‘దాపరికమేముంది’ అనేవి తెలుగు చర్చల్లో నా పని చేసిపెట్టే మాటలే. తెలుస్తోంది అన్న క్రియ ‘ఎవరికి’ అనే ప్రశ్నను గుమ్మం దాకా తెస్తే, ‘అందరికీ’ అనే ఒక్క జవాబు దాన్ని అక్కణ్ణుంచే సాగనంపుతుంది. తేడా ఒక్కటే: తెలుగులో అడగడానికి చోటు వ్యాకరణంలోనే ఉంది, ఇంగ్లీషులో ఆ చోటును వినేవాడే కల్పించుకోవాలి. రెండు భాషల్లోనూ మందు ఒకటే. నెత్తిన నేనున్న వాక్యం కనబడగానే నన్ను తీసి, నా చోట ‘ఎందుకంటే’ పెట్టి చూడండి. దాని వెనక వాక్యం సాఫీగా కదిలితే నా అవసరం లేదు, హేతువే చాలు. కదలకుండా మొరాయిస్తే నేను దేన్ని కప్పిపెట్టానో బయటపడుతుంది. రాసేవాడు ఈ పని అచ్చుకు ముందే చేసుకుంటే చదివేవాడికి శ్రమ తప్పుతుంది.

తెలుగులో నా సాటి మాట ‘తేట’. ఆ మాటలో నాకు లేని ఒక జ్ఞాపకం ఉంది. అది తేరడం నుంచి వచ్చింది: మడ్డి అడుక్కు దిగి, పైన నీళ్లు నిలవడం. వరదకు ఎర్రబారిన ఏటినీళ్లు ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఇండుప గింజను అరగదీసి కుండలో కలిపేవారు. కాసేపటికి బురద కిందికి దిగేది. గింజ అరగాలి, కుండ కదలకుండా ఉండాలి, వేళ పట్టాలి. ఆ గింజ పేరు పలికినంతలో నీళ్లు తేరవని సంస్కృత ధర్మశాస్త్రకారులు ఎప్పుడో చెప్పిపెట్టారు. నా ఏడువందల ఏళ్ల ఇంగ్లీషు కాపురంలో నన్ను వాక్యం మొదట నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది చేసింది ఆ పేరు పలకడమే. కుండ పక్కన నన్ను ఉంచుకోండి, అభ్యంతరం లేదు. నీళ్లు తేరాక, అడుగు కనబడ్డాక, అవి ఎలా కనబడుతున్నాయో చెప్పడానికి నేను పనికొస్తాను. తేర్చే పని మాత్రం నా వల్ల కాదు. దానికి గింజ కావాలి.